గ్రహముల గాలిలో జీవుల జాడ

నిప్పు లేనిదే పొగ రాదని లోకోక్తి. కొండమీద పొగ కనబడినచో అక్కడ నిప్పు కలదని ఊహింపవచ్చునని మన తార్కికులు చిరకాలమునుండి ఉదాహరణముగా చెప్పుచున్నారు. కంటికి కనబడని దానిని గుర్తునుబట్టి తెలిసికొనుటకు వారు అనుమాన ప్రమాణమని పేరు పెట్టిరి. ఆ తార్కికులే ఒక హెచ్చరికయు చేసిరి. దూరమునుండి చూచువాడు కొండను క్రమ్మిన ఆవిరిని పొగయని భ్రమపడవచ్చును. అప్పుడు అతని తర్కము ఎంత చక్కగా సాగినను, అతడు చేరిన నిర్ణయము నిలువదు.

ఇతర గ్రహములపై జీవులు కలవా అని వెదకు శాస్త్రజ్ఞుల స్థితి సరిగా ఇట్టిదే. అచ్చటి ప్రాణిని వారు చూడలేరు. వారికి అందునది చాలవరకు ఆ గ్రహమునుండి వచ్చు కాంతి మాత్రమే. అయితే జీవి ఎక్కడనున్నను ఆహారము తీసికొనును, వ్యర్థములను విడిచిపెట్టును. ఆ వ్యర్థములలో అనేకము వాయురూపమున గాలిలో చేరును. కోట్ల సంవత్సరములు ఇట్లు జరిగినచో ఆ గ్రహపు వాతావరణమే మారిపోవును. ఆ మార్పు నిప్పుకు పొగవంటిది.

ఇట్టి గుర్తులు కనబడినవని 1867 మొదలు 2025 వరకు పలుమారులు ప్రకటనలు వెలువడినవి. వానిలో ఒక్కటియు జీవులకు రుజువుగా ఇంతవరకు స్థిరపడలేదు. అయినను ఇది వ్యర్థప్రయత్నముల చరిత్ర కాదు. నిలువలేకపోయిన ప్రతి ప్రకటనయు తరువాతివారికి ఒక క్రొత్త పరీక్షను నేర్పినది. ఆ పరీక్షలే నేడు ఈ శాస్త్రమునకు గల ఆస్తి.

కాంతి చెప్పు సాక్ష్యము

సూర్యకాంతిని గాజుపట్టకము ద్వారా పంపినచో అది ఏడురంగుల పట్టీగా విడిపోవునని పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. దీనినే వర్ణపటము అందురు. 1814లో జర్మనీ దేశపు ఫ్రౌన్‌హోఫర్ ఈ పట్టీని జాగ్రత్తగా పరీక్షించి, అందులో అడ్డముగా వందలకొలది నల్లని రేఖలున్నట్లు గుర్తించెను. ఆ రేఖల అర్థమును 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ అనువారు వివరించిరి. ప్రతి మూలకము తనకు చెందిన కొన్ని రంగులను మాత్రమే మ్రింగివేయును. మ్రింగబడిన చోట నల్లని రేఖ మిగులును. ఒకరి వేలిముద్ర మరియొకరికి లేనట్లే, ఒక మూలకపు రేఖల వరుస మరియొక దానికి ఉండదు. మూలకములే కాక నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు, మీథేను వంటి సంయోగ వాయువులును కాంతిని ఇట్లే మ్రింగును. వాని ముద్రలు ఎక్కువగా కంటికి కనబడని పరారుణ భాగములో పడును.

గ్రహములకు స్వయంప్రకాశము లేదు. సూర్యకాంతి గ్రహపు గాలిలోనికి దిగి, నేలనో మేఘమునో తాకి, మరల ఆ గాలిలోనుండియే వెలుపలికి వచ్చును. ఈ రాకపోకలలో అచ్చటి వాయువులు తమ ముద్రలను దానిపై వేయును. ఆ ముద్రలను వర్ణపటదర్శినితో చదివినచో, అక్కడకు పోకుండనే అక్కడి గాలిలో ఏమున్నదో తెలియును.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఆ కాంతి మన దూరదర్శినిని చేరుటకు ముందు మన గాలిలోనుండి కూడ రావలెను. మన గాలిలోను నీటి ఆవిరి కలదు, ప్రాణవాయువు కలదు, మీథేను కలదు. అవియు తమ ముద్రలు వేయును. వేయబడిన ముద్ర కుజునిదా, భూమిదా? తార్కికుల ఆవిరి ఇదే.

ఎట్నాకొండ, గుంటూరు

ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఈ చిక్కును ఎరుగనివాడు కాడు. పైకి పోయినకొలది గాలి పలుచబడును, తేమ తగ్గును. అందుచేత అతడు 1867లో సిసిలీ ద్వీపమునందలి ఎట్నా అగ్నిపర్వతముపైకి ఎక్కి, అక్కడనుండి కుజుని కాంతిని పరీక్షించెను. కుజుని గాలిలో నీటి ఆవిరి కలదని ప్రకటించెను. నీరు జీవమునకు ఆధారము కనుక ఈ వార్తకు చాల ప్రాముఖ్యము వచ్చినది.

మరుసటి సంవత్సరమే జాన్సెన్ మన గుంటూరునకు వచ్చెను. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును అతడు అక్కడనుండి పరిశీలించెను. సూర్యబింబపు అంచున లేచు ఎర్రని జ్వాలలు మండుచున్న వాయువులేనని వర్ణపటమునందలి ప్రకాశరేఖలనుబట్టి తెలిసికొనెను. ఆ రేఖలు మిక్కిలి కాంతివంతముగా నుండుటచే, గ్రహణము లేనప్పుడును వానిని చూడవచ్చునని అతనికి తోచినది. మరునాడు చూచెను, కనబడినవి. ఆ కాలపు సూర్యపరిశీలనలలో కనబడిన ఒక పసుపురేఖ భూమిపై అంతవరకు తెలిసిన ఏ మూలకమునకును సరిపోలేదు. దానిని కలిగించిన మూలకమునకే తరువాత హీలియమను పేరు వచ్చినది. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొనెను.

గుంటూరులో జాన్సెన్ చూచినది నిలిచినది. ఎట్నాపై చూచినది నిలువలేదు. పరిశీలకుడు ఒక్కడే, పద్ధతియు ఒక్కటే. మరి భేదమెక్కడ? సూర్యజ్వాలల ప్రకాశరేఖలను మన గాలి పుట్టింపలేదు. వానికి పోటీ లేదు. కుజుని ఆవిరిరేఖలకైతే మన ఆవిరియే పోటీ. కొండ ఎక్కినంత మాత్రమున ఆ పోటీ పూర్తిగా తొలగిపోదు.

ఈ సంగతిని తేల్చినవాడు కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలయందలి కాంబెల్. 1894లో అతడు కుజుని కాంతిని చంద్రుని కాంతితో పోల్చి చూచెను. చంద్రునికి గాలి లేదు. రెండును ఆకాశములో ఒకే ఎత్తున నున్నప్పుడు రెండింటి కాంతియు మన గాలిలో ఒకే దూరము నడచి వచ్చును. కుజునిపై ఆవిరి కలదేని కుజుని వర్ణపటములో ఆవిరిరేఖలు ఎక్కువ నల్లగా ఉండవలెను. కాని భేదమేమియు కనబడలేదు. 1909లో విట్నీ పర్వతముపైనుండి చేసిన పరిశీలనలోను ఫలితము మారలేదు. తన సాధనమునకు అందునంత ఆవిరి కుజునిపై లేదని కాంబెల్ నిర్ణయము.

చివరకు 1963లో కుజుని ఆవిరి నిజముగనే దొరకినది. గ్రహము మనకు దగ్గరగా వచ్చుచున్నప్పుడును, దూరముగా పోవుచున్నప్పుడును దాని రేఖలు తమ స్థానమునుండి కొంచెము జరుగును. ఈ డాప్లర్ ధర్మమువలన కుజుని సన్నని రేఖలు మన గాలి రేఖల ప్రక్కన వేరుగా కనబడినవి. కాని ఆ ఆవిరి అత్యల్పము. దానినంతయు నీరుగా మార్చి కుజుని నేలపై పరచినచో, ఆ పొర మందము ఒక మిల్లీమీటరులో వందవవంతు లెక్కలోనే ఉండును. జాన్సెన్ పరికరమునకు అది కనబడుటకు వీలులేదు.

పచ్చదనమును వెదకుట

కుజునిపై కొన్ని నల్లని ప్రదేశములు ఋతువులనుబట్టి రంగుమారుట అప్పటికే చాలమంది గమనించిరి. అవి మొక్కలు పెరుగు చోట్లని ఇరువదవ శతాబ్ది మధ్యభాగమువరకు పలువురు విశ్వసించిరి. వానిలో పత్రహరితపు ముద్ర కలదేమోనని కొందరు వెదకిరి.

అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం సింటన్ వేరొక దారి పట్టెను. మొక్కలలోని పదార్థములలో అనేకము కర్బన సమ్మేళనములే. వానిలో కర్బనమును ఉదజనిని కలుపు బంధము 3.4 మైక్రానుల ప్రాంతమున పరారుణ కాంతిని మ్రింగును. 1956లో కుజుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సింటన్ ఆ ప్రాంతమున కాంతి తగ్గినట్లు చూచెను. 1958లో పాలొమార్ కొండమీది 200 అంగుళముల దూరదర్శినితో మరల పరీక్షింపగా, 3.4 మొదలు 3.7 మైక్రానుల మధ్య మూడుచోట్ల కాంతి తగ్గినట్లు తేలినది. నల్లని ప్రదేశములలో ఇది ఎక్కువగా, వెలుగు ప్రదేశములలో తక్కువగా కనబడినది. కుజునిపై వృక్షజాలము కలదనుటకు ఇది మరియొక సాక్ష్యమని అతడు 1959లో ప్రకటించెను. పత్రికలు దానిని ఉత్సాహముతో ప్రచురించినవి.

ఆరు సంవత్సరములు గడచినవి. 1965లో రీ, ఓలియరీ అనువారితో కలసి సింటన్ మరియొక వ్యాసము ప్రకటించెను. ఆ మూడింటిలో రెండు ముద్రలు కుజునివి కావు, మన గాలిలోని ఒకవిధమైన నీటి ఆవిరివి! సముద్రజలములోని ఉదజని పరమాణువులలో సుమారు 6,400కు ఒకటి సాధారణ ఉదజనికన్న రెండింతలు బరువైనది. దీనిని డ్యుటీరియము అందురు. ఒక డ్యుటీరియము, ఒక సాధారణ ఉదజని, ఒక ఆమ్లజని కలసిన నీటి అణువు కాంతిని మ్రింగు చోటు మామూలు నీటికన్న వేరుగా ఉండును. మామూలు నీటి ఆవిరిని లెక్కలో తీసివేసిన శాస్త్రజ్ఞులు, ఈ కొద్దిపాటి బరువు నీటిని మరచిరి. కుజుని అడవి మన ఆకాశములోని ఆవిరియే అయినది.

తాను ప్రకటించిన దానిని తానే సరిదిద్దుటలో సింటన్ పాలుపంచుకొనుట గమనింపదగినది. శాస్త్రమునకు అపకీర్తి పొరపడుటవలన రాదు, దానిని పట్టుకొని వ్రేలాడుటవలన వచ్చును.

చిల్లికుండ న్యాయము

ముద్ర నిజముగా ఆ గ్రహముదే అనుకొందము. ఆ వాయువును జీవియే పుట్టించినదని ఎట్లు చెప్పగలము? ఈ ప్రశ్నకు దారిచూపినవాడు ఇంగ్లండు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు జేమ్స్ లవ్‌లాక్. 1960 తరువాత అతడు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో కుజయాత్రా సన్నాహములలో సహాయపడుచుండెను. కుజుని మట్టిలో సూక్ష్మజీవులను పెంచి చూచు యంత్రములను ఇతరులు ఆలోచించుచుండిరి. అచ్చటి జీవి మన సూక్ష్మజీవుల ఆహారమునే తినునని ఏమి నమ్మకమని లవ్‌లాక్ ప్రశ్నించెను. జీవి ఏ రకమైనను తన చుట్టునున్న గాలిని మార్చక తప్పదు గనుక గాలినే పరీక్షింపవలెనని అతడు 1965లో సూచించెను. డయాన్ హిచ్‌కాక్‌తో కలసి 1967లో ఈ భావమును విపులముగా ప్రకటించెను.

భూమి గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లున్నది. మీథేను పదిలక్షల పాళ్లలో రెండు పాళ్లకు కొంచెము తక్కువ. ఈ రెండును చిరకాలము కలసి ఉండజాలవు. సూర్యరశ్మిచే కలుగు చర్యలవలన మీథేను ఆక్సీకరణము చెంది, పది పన్నెండు సంవత్సరములలో కార్బన్ డయాక్సైడుగాను నీటిగాను మారిపోవును. అయినను గాలిలో మీథేను తరిగిపోవుట లేదు. చిల్లికుండలో నీరు ఎప్పుడు చూచినను ఉన్నచో ఎవరో పోయుచున్నారన్నమాట. భూమిపై ఆ పోయువారిలో ముఖ్యులు జీవులే. చిత్తడినేలలలో, వరిమళ్లలో, పశువుల కడుపులో నుండు సూక్ష్మజీవులు మీథేనును నిరంతరము విడుచుచున్నవి; గోబర్ గ్యాసులో మండునది ఇదియే. ప్రాణవాయువును మొక్కలు, నాచు కిరణజన్య సంయోగక్రియచే విడుచుచున్నవి.

కనుక జీవమునకు గుర్తు ఒక వాయువు కాదు, కలసి ఉండరాని వాయువుల పొందు. శుక్రుని గాలిలో నూటికి 96 పాళ్లకుపైగా, కుజుని గాలిలో సుమారు 95 పాళ్లు కార్బన్ డయాక్సైడే. అవి రసాయనికముగా దాదాపు చల్లారిన పొయ్యిలవంటివి. కుజునిపై జీవము లేదని లవ్‌లాక్ దీనినిబట్టి ఊహించెను. 1976లో కుజునిపై దిగిన రెండు వైకింగ్ వాహనములు మట్టిలో జీవమునకు నిస్సందేహమైన సాక్ష్యము కనుగొనలేకపోయినవి.

ఈ న్యాయమునకు ఒక హద్దు కలదు. భూమిపై సూక్ష్మజీవులు కనీసము 350 కోట్ల సంవత్సరములనుండి ఉన్నవి. గాలిలో ప్రాణవాయువు చెప్పుకోదగినంత చేరినది సుమారు 240 కోట్ల సంవత్సరములనుండియే. ఆ నడిమి కాలములో ఎవరైన దూరమునుండి మన గాలిలో ప్రాణవాయువును వెదకినచో, ఇది జీవములేని గ్రహమని వెళ్లిపోయి యుందురు. పొగ లేనంత మాత్రమున నిప్పు లేదనరాదు. నివురుగప్పిన నిప్పును ఉండవచ్చును.

తెలిసిన సమాధానముతో పరీక్ష

క్రొత్త తక్కెడను మొదట తెలిసిన బరువుతో సరిచూతురు. బృహస్పతికి పోవలసిన గెలీలియో వాహనము వేగము పుంజుకొనుటకై 1990 డిసెంబరులో భూమి ప్రక్కగా పోయినది. ఆ అవకాశమున కార్ల్ సేగన్, అతని సహచరులు ఆ వాహనపు సాధనములను భూమివైపు త్రిప్పి, ఈ గ్రహమును ఎన్నడును ఎరుగనట్లే పరీక్షించిరి. 1993లో ఫలితములు ప్రకటించిరి. గాలిలో ప్రాణవాయువు సమృద్ధిగా కలదు. దానితోపాటు ఉండరానంత మీథేను కలదు. నేలపై ఎర్రని కాంతిని మ్రింగు పదార్థమొకటి విస్తారముగా వ్యాపించియున్నది, ఏ రాతికిని అట్టి లక్షణము లేదు. ఆ పదార్థము పత్రహరితమే. వీనితోపాటు, ప్రకృతిలో పుట్టజాలని రేడియో తరంగములును వినబడినవి. తక్కెడ సరియైనదేనని తేలినది.

కుజుని మీథేను

2003, 2004 సంవత్సరములలో కుజుని గాలిలో మీథేను కలదని వేర్వేరు బృందములు ప్రకటించినవి. యూరపువారి మార్స్ ఎక్స్‌ప్రెస్ వాహనపు కొలత వందకోట్ల పాళ్లలో సుమారు పది పాళ్లు. ఇది చాల స్వల్పము. కాని కుజునిపై మీథేనును సూర్యరశ్మి మూడువందల సంవత్సరముల లెక్కలో నాశనము చేయును. ఉన్నచో ఇప్పుడును ఎక్కడనుండియో పుట్టుచుండవలెను. మరల చిల్లికుండ!

2011లో కొందరు ఒక ఆక్షేపణ తెచ్చిరి. భూమినుండి చూచినవారు కుజుని మీథేను రేఖలనుకొన్నవి, మన గాలిలో బరువైన కర్బనము గల మీథేను రేఖలున్న చోటనే పడుచున్నవని వారి వాదము. బరువైన ఉదజని సింటన్‌ను మోసగించినట్లే, బరువైన కర్బనము వీరిని మోసగించి యుండవచ్చును.

మన దేశమును ఈ వెదకులాటలో చేరినది. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయానము మీథేనును కొలుచు సాధనమును కూడ తీసికొనిపోయినది. అది 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్యలో ప్రవేశించినది. ఆ సాధనపు కొలతలు కుజుని నేల సూర్యకాంతిని ఎక్కడ ఎంత ప్రతిఫలించునో చూపు పటమునకు ఉపయోగపడినవి.

2012లో కుజునిపై దిగిన క్యూరియాసిటీ వాహనము గాలిని అక్కడనే పట్టి పరీక్షించినది. మొదట మీథేను దాదాపు లేదన్నది. పిమ్మట ఒకప్పుడు వందకోట్లకు ఏడుపాళ్లు, 2019 జూనులో 21 పాళ్లు కనుగొన్నది. మామూలుగా ఒక పాలుకన్న తక్కువగా, ఋతువులనుబట్టి హెచ్చుతగ్గులతో ఉన్నదని తెలిపినది. అయితే 2018నుండి కుజుని చుట్టు తిరుగుచు గాలిని వడకట్టినట్లు పరీక్షించిన ట్రేస్ గ్యాస్ ఆర్బిటరునకు మీథేను కనబడనేలేదు. ఉన్నను వందకోట్లకు 0.05 పాలును మించదని 2019లో తేలినది. నేలదగ్గర రాత్రివేళ చేరి పగలు చెదరిపోవుచున్నదా, ఎత్తుకు పోవునప్పటికి ఏదో దానిని త్వరగా నాశనము చేయుచున్నదా, వాహనములోనే భూమినుండి వచ్చిన మీథేను చిక్కు కలిగించుచున్నదా అను చర్చ నడచుచునే యున్నది. మీథేను నిజమే యైనను పని తీరదు. కొన్ని రకముల శిలలు వేడినీటితో కలసినప్పుడు ఉదజని పుట్టి, దానినుండి మీథేను జీవుల ప్రమేయము లేకుండ ఏర్పడగలదు.

శుక్రుని మేఘములలో ఫాస్ఫీను

శుక్రుని నేల సుమారు 460 సెంటిగ్రేడు డిగ్రీల వేడి గలది. అక్కడ జీవమునకు చోటులేదు. కాని 50, 55 కిలోమీటర్ల ఎత్తున మేఘములలో వేడియు, పీడనమును భూమిపైవలెనే ఉండును. అక్కడ సూక్ష్మజీవులుండవచ్చునా అని మోరోవిట్జ్, సేగన్ 1967లోనే ప్రశ్నించిరి. ఆ మేఘములు చిక్కని గంధకికామ్లపు తుంపరలని తరువాత తెలిసినది.

2020 సెప్టెంబరు 14న జేన్ గ్రీవ్స్, ఆమె సహచరులు శుక్రుని మేఘములలో ఫాస్ఫీను కలదని ప్రకటించిరి. భాస్వరము, ఉదజని కలసిన విషవాయువిది. మన ధాన్యపు గిడ్డంగులలో పురుగులను చంపుటకు వాడు బిళ్లలనుండి వెలువడునది ఇదియే. భూమిపై ప్రాణవాయువు సోకని చిత్తడిచోట్ల కూడ ఇది కనబడును. బృహస్పతి, శని గ్రహములలో మిక్కిలి వేడిగల లోతులలో ఇది సహజముగా పుట్టును. శుక్రునివంటి రాతిగ్రహముపై పుట్టుటకు తెలిసిన మార్గమేదియు చాలదని ఆ బృందము లెక్కకట్టినది. జీవము కలదని వారు చెప్పలేదు; తెలియని రసాయనిక చర్యయో, జీవమో కావలెననిరి.

ఈసారి ముద్ర ఒక్కటే రేఖ, 1.123 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యమున. వేలిముద్రలో ఒక్క గీతను చూచి మనిషిని గుర్తించుట ఎంత కష్టమో ఇదియు అంతే. శుక్రునిపై సమృద్ధిగా నున్న సల్ఫర్ డయాక్సైడు రేఖ దానికి ఇంచుమించు అదే చోట ఉన్నదని ఇతరులు చూపిరి. చిలీ దేశములోని ఆల్మా దూరదర్శిని కొలతలను సరిదిద్దినప్పుడు, మొదట వందకోట్లకు 20 అన్న పాళ్లు చాల తగ్గినవి. విమానముపైనుండి చేసిన పరిశీలనలో ఫాస్ఫీను కనబడలేదని, ఉన్నను వందకోట్లకు ఒక పాలు లోపేనని 2022లో ప్రకటింపబడినది. గ్రీవ్స్ బృందము ఇందుకు అంగీకరింపలేదు. శుక్రుని గాలిలోనికి దిగి కొలుచువరకు ఈ వ్యాజ్యము తెగుట కష్టము.

సుదూర గ్రహము

నేడు వెదకులాట సౌరకుటుంబమును దాటిపోయినది. సింహరాశిలో సుమారు 124 కాంతిసంవత్సరముల దూరమున ఒక చిన్న ఎర్రని నక్షత్రమునకు 33 రోజులకొకసారి ప్రదక్షిణము చేయు గ్రహము 2015లో కనుగొనబడినది. దాని పేరు కె2-18బి. దాని వ్యాసము భూమికి 2.6 రెట్లు. అది నక్షత్రమునకు అడ్డువచ్చినప్పుడు నక్షత్రపు వెలుగులో సుమారు 0.3 శాతము తగ్గును. గ్రహపు అంచున గల గాలిపొరలోనుండి జారివచ్చు కొద్ది కాంతిలోనే అచ్చటి వాయువుల ముద్రలను చదువవలెను.

2019లో హబుల్ దూరదర్శిని కొలతలనుబట్టి ఈ గ్రహముపై నీటి ఆవిరి కలదని ప్రకటింపబడినది. 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని అక్కడ మీథేనును, కార్బన్ డయాక్సైడును చూపినది. మునుపు నీటి ఆవిరిది అనుకొన్న ముద్ర చాలవరకు మీథేనుదని తేలినది! ఎట్నా కొండ కథ వేరొక రూపమున మరల నడచినది.

భారతదేశమున పుట్టి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న నిక్కు మధుసూదన్, ఆయన సహచరులు 2025 ఏప్రిలులో ఈ గ్రహముపై డైమిథైల్ సల్ఫైడు లేక దానికి దగ్గరి బంధువైన మరియొక వాయువు ఉన్నట్లు ప్రకటించిరి. భూమిపై డైమిథైల్ సల్ఫైడును ముఖ్యముగా సముద్రములోని సూక్ష్మమైన నాచు పుట్టించును. అయితే ఆ ముద్ర యాదృచ్ఛికముగా ఏర్పడుటకు వేయింటికి మూడు వంతుల అవకాశము మిగిలియున్నదని వారే తెలిపిరి. శాస్త్రజ్ఞులు క్రొత్త ఆవిష్కరణమును అంగీకరించుటకు ఆ అవకాశము పదిలక్షలకు ఒకటికన్న తక్కువ కావలెనని సాధారణముగా కోరుదురు. అవే కొలతలను వేరు పద్ధతులతో పరీక్షించిన ఇతరులు, ఆ ముద్రకు వేరు వాయువులును సరిపోవునని, లేదా ముద్రయే స్పష్టముగా లేదని వాదించిరి. అదియును గాక, ఇదే వాయువు ఒక తోకచుక్కలో కూడ కలదని 2024లో తెలిసినది. తోకచుక్కలో జీవులు లేరు. కనుక ఈ వాయువునకు జీవియే కారణమనుట చెల్లదు.

మూడు ప్రశ్నలు

ఈ చరిత్రనంతయు కూడదీసినచో మూడు ప్రశ్నలు మిగులును. ఆ వాయువు నిజముగా అక్కడ ఉన్నదా, లేక మన గాలిదో, మన సాధనముదో, మరియొక వాయువుదో అయిన ముద్రను చూచుచున్నామా? ఉన్నచో, జీవులు లేకుండ అది పుట్టుటకు మార్గము కలదా? దానితో కలసియున్న ఇతర వాయువులు ఏమి చెప్పుచున్నవి? మొదటి ప్రశ్నను కాంబెల్ చంద్రునితో పోల్చి నేర్పెను. మూడవదానిని లవ్‌లాక్ నేర్పెను. రెండవదానికి సమాధానము ఇంకను పూర్తిగా దొరకలేదు. ఏలయన, జీవములేని గ్రహములపై జరుగగల రసాయనిక చర్యలన్నియు మనకు తెలియవు. మనకు తెలియని చర్యలెన్ని తగ్గునో, గుర్తునకు విలువ అంత పెరుగును. అందుచేత ఈ వెదకులాటలో దూరదర్శినికి ఎంత పని కలదో, ప్రయోగశాలలోని గాజునాళికకును అంత పని కలదు.

విశ్వములో మనము ఒంటరులమా అనునది మానవుడు వేసికొన్న పెద్ద ప్రశ్నలలో నొకటి. అట్టి ప్రశ్నకు తొందరపడి ఔనన్నను, కాదన్నను నష్టమే. ఇతర గ్రహముపై జీవుల జాడ దొరకినదని మరల ఏనాడైన వార్త వచ్చును. ఆనాడు తరగతిలో విద్యార్థి లేచి ఈ మూడు ప్రశ్నలను అడిగినచో, అతడు ఆ వార్తను చదివినవాడే కాక, దానిని పరీక్షించినవాడును అగును.